తల్లికి చలి

నవంబరు 12

అక్కా,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. ఆలస్యమైందని తిట్టకు. రాయాలంటే వేళ్ళు వంగాలిగా! ఇది ఇల్లు కాదే, మూత తీసిన ఐసుపెట్టె. అద్దెకి చూసినప్పుడు ఎండాకాలం. "ఉత్తరపు గాలి ఎంత హాయిగా వస్తుందో చూశారా" అని ఇంటాయన అంటే నేనూ, నీ మరిదీ గంగిరెద్దుల్లా తలలూపాం. ఇప్పుడా గాలే కిటికీ సందుల్లోంచి వచ్చి మంచం మీద మా పక్కన పడుకుంటోంది. సందుల్లో పాత సాక్సులు కుక్కాను. ఉన్నది ఒక్క హీటరు. అదీ, స్నానాల గదిలో గీజరూ కలిపి వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంటాయన మెట్లెక్కి వచ్చి కరెంటు పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చిపోతాడు.

నీ మరిది టవర్లెక్కే పని మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. ఆదివారం వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, పోతాడు. ఇంట్లో మిగిలేది నేనూ, ఆవిడా. వానలు తగ్గిన దగ్గర్నుంచీ ఆవిడ మా దగ్గరే ఉంటోంది. లెక్కల టీచరుగా రిటైరైంది గానీ తెలుగుని కూడా వదలదు. మొన్న సరుకుల చీటీలో "ఉళ్ళిపాయలు" అని రాస్తే, ళ కొట్టేసి ల పెట్టింది. ఎర్ర పెన్నుతో!

ఆవిణ్ణి ఏమని పిలుస్తున్నావని అడిగావు. ఏమనీ పిలవడం లేదు. పెళ్ళైన కొత్తలో అత్తయ్యా అందామంటే సిగ్గేసింది. అమ్మా అందామంటే మన అమ్మ గుర్తొచ్చి నోరు రాలేదు. ఇన్నేళ్ళయ్యాక కొత్తగా మొదలుపెడితే నాకే నవ్వొస్తుంది. "మిమ్మల్నే! భోజనానికి రండి." "మిమ్మల్నే! తలుపేసుకోండి." దాంతోనే రోజు గడిచిపోతోంది.

ఇంక అసలు సంగతి. కళ్ళద్దాల షాపులో మా కౌంటరామె నాకో సీసా ఇచ్చింది. కొంబుచా అంటారట. తియ్యటి టీ కాచి చల్లార్చి, అందులో జిగురు బిళ్ళ లాంటి ముద్దొకటి వేసి వదిలేస్తే, కొన్నాళ్ళకి పులిసి, బుడగలొచ్చి, పుల్లపుల్లగా తయారవుతుంది. కడుపుకి మంచిదట. షాపులో అందరూ తలా ఓ సీసా తెచ్చి రుచులు చూసుకుంటారు. ఇన్నాళ్ళూ నేను లెన్సులు అరగదీసుకుంటూ వెనక గదిలోనే కూర్చునేదాన్ని. ఇప్పుడు నన్నూ తెమ్మన్నారు. తీరా చూస్తే ఈ చలికి అది పులిస్తేనా! పాలకి తోడేసినట్టే, దీనికీ వెచ్చదనం కావాలట.

నీ చెవులెలా ఉన్నాయి? మిషను పెట్టించుకోమంటే వినవు కదా. వినపడదు కూడా.

నీ చెల్లెలు

(వెనక రాస్తున్నా. చెప్పడం మర్చిపోయాను, ఆ ముద్దని "తల్లి" అంటారట! ప్రతిసారీ పిల్లని పెడుతుందిగా, అందుకని. షాపులో పొద్దున్నే "మీ తల్లి ఎలా ఉంది?" "మా తల్లి బావుంది" అని ఒకటే పరామర్శలు. నాకూ అలవాటైపోయింది.)


నవంబరు 23

ఏమే పిచ్చుకా,

పులిసిపోయిన టీ తాగే ఖర్మ నీకేమొచ్చిందే? మన ఇంట్లో పాలు విరిగితేనే ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తేదానివి. సరే, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కొన్నాళ్ళు ఆడతావు, తర్వాత ఆ సీసాలో ఊరగాయ పెడతావు.

మిషనంటావా, పెట్టించుకోను. అల్లికల మిల్లులో ఇన్నేళ్ళు ఆ యంత్రాల మోత విన్న చెవులివి, ఇప్పుడు హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఫోన్లో నీ మాట బుర్రలో ఈగ దూరినట్టుంటుంది. ఆ బుల్లి తెర మీద వేలితో పొడవడం నా వల్ల కాదు. ఉత్తరమే రాయి. కాగితం అరవక్కర్లేదు.

పక్కింటావిడ కూతురికి టోపీ అల్లిపెట్టాను. తల పెద్దదని తెలియక ఇచ్చాను, పిల్ల చెవుల మీద నిలబడింది టోపీ. మళ్ళీ విప్పాను.

ఇంతకీ తల్లి ఎలా ఉంది? ఆ ఐసుపెట్టెలో ఎక్కడ పెట్టావు? చలికి తట్టుకుంటోందా? నువ్వసలే దేన్నీ శ్రద్ధగా చూసే రకం కాదు. వివరంగా రాయి.

నీ చెవిటి అక్క


డిసెంబరు 3

అక్కా,

తల్లి గురించి అంత ఆప్యాయంగా అడిగినదానివి నువ్వొక్కదానివే! నీ మరిదైతే ఇంట్లో అడుగుపెట్టగానే "ఈ కంపు భరించలేను" అంటున్నాడు.

ఏం చెప్పమంటావు, తల్లి పరిస్థితి బాలేదు. చలికి ముడుచుకుపోయి, ఉలుకూ పలుకూ లేకుండా ఓ మూల పడుంది. రంగు పాలిపోయింది. మొదట వంటింట్లో అటక మీద పెట్టాను. అక్కడ మరీ చలి. తర్వాత స్నానాల గదిలో గీజరు కింద పెట్టాను. తడికి ఒంటి మీద తెల్లటి మచ్చల్లాంటివి కనిపించేసరికి భయమేసి తీసేశాను. ఫ్రిజ్ వెనక కాస్త వెచ్చగా ఉంటుందని అక్కడ ఇరికించాను. ఇప్పుడు హీటరు తెచ్చి వంటింట్లో పెట్టాక కాస్త నయం. చీకట్లోనే ఉంచాలి, వెలుగు పడకూడదు. మూతికి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేశాను. అస్తమానం కదిలించకూడదు, ఊరికే తొంగి చూడకూడదు. తియ్యటి టీ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

కౌంటరామె ఇంకో వారం చూడమంది. "అప్పటికీ కోలుకోకపోతే వదిలించుకో, బెంగపడకు, నేనింకోటి చూస్తాను" అంది. నాకే మనసొప్పడం లేదు. వచ్చే నెలలో షాపులో అందరి ముందూ నా తల్లి పరువు దక్కాలి కదా.

షాపులో ఓ పెద్దాయనకి కొత్త అద్దాలు పెట్టగానే భార్యని చూసి "నువ్వు ఇంత ముసలిదానివెప్పుడయ్యావే?" అన్నాడు. ఆవిడ వెంటనే "ఆ అద్దాలు వెనక్కిచ్చెయ్యండి" అంది. కౌంటర్లో అందరం పగలబడి నవ్వాం.

ఉంటాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

చెల్లెలు


డిసెంబరు 13

ఏమే,

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. జవాబు రాయడానికి కూర్చుంటే అన్నీ రాయకూడని మాటలే వస్తున్నాయి. అందుకని చేతులకి పని పెట్టాను. ఈ పార్సిల్లో ఉన్నది తల్లికి. పైన కూడా అలాగే రాశాను. మంచి ఊలు, మిల్లులో పనిచేసిన రోజుల నుంచీ దాచుకున్నది. ఆ ఒంటికి చుట్టి, మెడ దగ్గర తాడు బిగించి కట్టు.

ముందు ఆ చీకటి మూల నుంచి బయటికి తీసుకురా. ఎండ తగలనీ. మూతికి గుడ్డేమిటే, గుడ్డ! నీకు సిగ్గుందా? వదిలించుకోవడమట, ఇంకోటి చూడడమట! ఎవరే ఆ కౌంటరామె, నీకు సలహాలిచ్చేది? మన అమ్మ ఉంటే నీ మొహం చూసేది కాదు.

ఇంక రాయను.

అక్క


డిసెంబరు 22

అక్కా, నా బంగారు అక్కా,

నవ్వలేక చచ్చాననుకో! నీ ఉత్తరం పట్టుకెళ్ళి షాపులో చదివి వినిపించాను. "మూతికి గుడ్డేమిటే" దగ్గర కౌంటరామెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గుడ్డ తీస్తే దోమలు పడతాయే పిచ్చి అక్కా! కానీ ఆ అల్లిక! మెడ కాడ సీసాకి అతికినట్టు సరిపోయింది. తాడు బిగిస్తే మూతి ఒక్కటే బయటికి కనపడుతుంది. పొడుగే మరీ ఎక్కువైంది. ఎంత పెద్ద సీసా అనుకున్నావేమిటి? కింది సగం కత్తిరించి, అంచు మడిచి కుట్టి, ముందు జాగ్రత్తకని కౌంటరామె ఇచ్చిన రెండో సీసాకి తొడిగాను. ఒక్క అల్లికతో ఇద్దరు తల్లులకి చలి తీరింది.

పార్సిల్ వచ్చినప్పుడు నేను షాపులో ఉన్నాను. ఆవిడే సంతకం పెట్టి తీసుకుంది. నేనొచ్చేసరికి విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. తల దువ్వుకుని, ఎప్పుడూ పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని కళ్ళజోడు పెట్టుకుంది. "ఎవరికో చూడు అమ్మాయ్" అంది. విప్పి చూసి "ఇదిగో, దీనికే!" అని సీసా చూపించి, కత్తెర అందుకున్నాను. కత్తిరిస్తుంటే కాసేపు చూసింది. "మంచి అల్లిక" అంది. తర్వాత గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు భోజనం కూడా వద్దంది. ఎర్ర పెన్నుకి పని తగల్లేదని కాబోలు!

ఇంకో విచిత్రం విను. నీ ఊలు మహిమో ఏమో, సాయంత్రం నేనొచ్చి చూసేసరికి సీసా గోరువెచ్చగా ఉంటోంది. పగలు హీటరు ఆపేసి వెళ్తాను కదా, అయినా! తల్లి పైన కొత్త పొర కట్టింది. బుడగలొస్తున్నాయి. అంతా క్షేమం.

నీ పిచ్చుక


జనవరి 2

పిచ్చుకా,

ఇది కూర్చుని చదువు.

నీ ఉత్తరంలో "సీసాకి సరిపోయింది" అన్న ముక్క చదివి నాకు ఏమీ అర్థం కాలేదు. సీసాకేమిటి? నీ పాత ఉత్తరాలన్నీ తీశాను. మొదటి ఉత్తరం ఆఖరి కాగితం వెనక్కి తిప్పాను. నువ్వెప్పుడూ కాగితం వెనక రాయవు కదే. రాస్తావని నేనెందుకనుకుంటాను? అక్కడుంది నీ తల్లి సంగతి.

నేను తల్లి ఎలా ఉందని అడిగింది మీ అత్తగారి గురించే. మనిద్దరం ఆవిణ్ణి మహాతల్లి అనుకునేవాళ్ళం కదా! నీ పెళ్ళి శుభలేఖలో తప్పులు దిద్ది పంపిన నాడు నేనే పెట్టిన పేరది. నువ్వు మానేశావేమో గానీ నేను మానలేదు. అందులో మహా కూడా తీసేసి "తల్లి" అని రాశాను. నువ్వు సీసా గురించి చెప్పావు. నేను ముసలావిడ గురించి చదివాను. గీజరు కింద, ఫ్రిజ్ వెనక, మూతికి గుడ్డ. ఇప్పుడు తలుచుకుంటే ఏ మనిషినైనా ఫ్రిజ్ వెనక ఇరికించగలరా అని నాకే నవ్వు రావాలి. రావడం లేదు.

ఎందుకంటే నేను నమ్మాను. తోడబుట్టినదానివి, నా చేతుల మీద పెరిగినదానివి, నువ్వు అలా చేస్తావని ఒక్క క్షణం ఆగకుండా నమ్మేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎందుకు నమ్మానో కూడా తెలిసింది. ఇన్నేళ్ళూ ఆవిడ గురించి మనం మాట్లాడుకున్న తీరే అలాంటిది.

ఆ అల్లిక ఆవిడకే. భుజాల మీంచి వేసుకునే పైవస్త్రం అది. అందుకే అంత పొడుగు. "తల్లికి" అని పైన రాసింది ఆవిడ చదివింది. టీచరు కదా, చదవకుండా ఉంటుందా? తల దువ్వుకుని కూర్చుంది. నువ్వు ఆవిడ కళ్ళముందే కత్తిరించావు.

ఇంకొక మాట. నీ డిసెంబరు మూడు నాటి ఉత్తరం మళ్ళీ మొత్తం వెతికాను. అందులో మీ అత్తగారి ఊసే లేదు, ఒక్క ముక్క కూడా. ఇల్లంతా చలి, సీసాకి చలి. ఆవిడకి చలి వేస్తోందో లేదో నువ్వు రాయలేదు. హీటరు తెచ్చి వంటింట్లో పెట్టానన్నావు. ఎక్కణ్ణుంచి తెచ్చావే?

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం ఇద్దరమూ. వెళ్ళి ఆవిడతో చెప్పు. తప్పంతా నా మీద వెయ్యి.

అక్క


జనవరి 12

అక్కా,

నీ ఉత్తరం మెట్ల కింద డబ్బాలోంచి తీసి అక్కడే విప్పాను. మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంటాయన దాటుకుంటూ వెళ్ళాడు, ఏమైందని కూడా అడగలేదు. నా మొహం అలా ఉందేమో.

హీటరు ఆవిడ గదిలోంచే తెచ్చాను. "పగలు మీకు కిటికీలోంచి ఎండొస్తుందిగా" అన్నాను. "వస్తుంది, తీసుకెళ్ళు" అంది. పగలు తెచ్చినది రాత్రికి తిరిగి పెట్టలేదు. మర్చిపోయాను అని రాద్దామనుకున్నాను. మర్చిపోలేదు. ఆవిడ అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే చెప్పేద్దామని ఆవిడ గది ముందు నిలబడ్డాను. "మిమ్మల్నే!" అన్నాను. "ఏం అమ్మాయ్?" అంది. "ఏం లేదు, కిటికీ వేశారా?" అని అడిగి వచ్చేశాను.

మర్నాడు షాపులో లెన్సు మిషను చెడిపోయింది. మధ్యాహ్నమే పంపించేశారు. తలుపు నా తాళంతో తీసుకుని లోపలికి వచ్చాను. ఆవిడ తన గదిలో కిటికీ పక్కన, ఎండ పడే చోట కుర్చీ వేసుకుని కూర్చునుంది. ఒళ్ళో సీసా ఉంది. దాన్నీ, తననీ కలిపి తన పాత శాలువా చుట్టుకుంది. రెండు చేతులూ సీసా చుట్టూ ఉన్నాయి. నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా లేవబోయింది. సీసా జారుతుందని మళ్ళీ కూర్చుంది.

"వెలుగు తగలకూడదన్నావుగా, శాలువా కప్పే ఉంచాను" అంది.

"రోజూ ఇలాగే కూర్చుంటున్నారా?" అన్నాను.

"నువ్వెళ్ళాక వంటిల్లు గడ్డ కట్టుకుపోతుంది. నా ఒళ్ళు ఎంతో కొంత వెచ్చనే కదా."

నీ ఊలు మహిమ అని నీకు రాశానే!

"దీనికోసం మీరెందుకు?" అన్నాను.

"నువ్వు దాన్ని తల్లీ తల్లీ అని ముద్దు చేస్తుంటావు. చిన్నప్పుడే అమ్మ పోయిన పిల్లవి. ఆవిడ గుర్తేదో ఇందులో ఉందేమో అనుకున్నాను. చచ్చిపోతే నువ్వు ఏడుస్తావని."

తర్వాత నా వైపు చూడకుండా అంది. "ఆ రోజు పార్సిల్ మీద తల్లికి అని చూసి, నాకేమో అనుకున్నాను. ముసలితనం కదా, ఆశ. తల కూడా దువ్వుకున్నాను. నువ్వు చూశావని తెలుసు. సిగ్గేసింది."

ఆవిడకి సిగ్గేసిందట, అక్కా. ఆవిడకి!

చెప్పాలి కదా అప్పుడు. "మీకేనండీ" అని ఒక్క మాట. చెబితే, "మరి మీ అక్క నన్ను తల్లి అని ఎందుకు రాసింది?" అని అడుగుతుంది. గౌరవంతో రాసిందని అబద్ధం చెప్పనా? వెక్కిరించే పేరు నుంచి మహా తీసేస్తే మిగిలింది అది అని నిజం చెప్పనా? వెళ్ళి హీటరు తెచ్చి ఆవిడ గదిలో పెట్టాను.

"ఇప్పుడెందుకులే" అంది. "ఆదివారం వెళ్తున్నాగా. పెద్దమ్మాయి దగ్గరికి. టాక్సీ చెప్పాను. ఇక్కడి చలి నాకు పడటం లేదు." మంచం కింద సంచీ సర్దేసి ఉంది. ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు. నాకు ఏం తెలుసు గనక!

ఆ పెద్దమ్మాయి ఇంట్లో ఆవిడకి గది కూడా లేదు, హాల్లో పడుకోవాలి. ఆదివారం లోపల ఈ ఉత్తరం నీకు అందదు, నీ సలహా నాకు అందదు. అయినా రాస్తున్నాను. ఇంకెవరికి రాయను?

చెల్లెలు


జనవరి 19

చెల్లీ,

ఆదివారం దాటిపోయింది. వెళ్ళిందో ఉందో నాకు తెలియదు. వెళ్ళిపోయి ఉంటే నువ్వు వెనకాలే వెళ్ళు. జీతం కోస్తే కొయ్యనీ.

నిజమే చెప్పు. ఇంకో అబద్ధం చెప్పి దాన్ని ఎక్కడ పెట్టుకుంటావు? పేరు పెట్టింది నేను, పొద్దున్నా సాయంత్రమూ నవ్వుకుంది నేను. నా వాటా నాకే ఉండనీ. మిల్లులో మోతకి చెవులు పోయాయి, ఇంక ఎవరి మాటా వినక్కర్లేదు అనుకుంటూ బతికాను. ఆ ముసలావిడ ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందని చదివాక నిద్ర పట్టడం లేదు.

రెండు ముక్కలూ నాకు పంపు. అల్లికని కత్తిరించాక అతకడం ఉండదు. మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి అల్లాలి. కొత్త ఊలు కొనను. అదే ఊలుతో అల్లుతాను.

ఆవిడకి ఉత్తరం రాద్దామని కూర్చుని ఎన్ని కాగితాలు చింపానో. ఆఖరికి ఒక్క ముక్క మిగిలింది. ఇందులో పెట్టాను. ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

"అమ్మా, క్షెమించండి. తల్లికి అని రాసింది మీకే. అంతకంటే మంచిగా రాయడం నాకు రాలేదు."

అక్క


జనవరి 28

అక్కా,

ఆవిడ వెళ్ళలేదు. ఆ మాట ముందే రాస్తే నువ్వు మిగతాది నెమ్మదిగా చదువుతావని రాస్తున్నా.

శనివారం సాయంత్రం చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుని సంచీ జిప్పుతో కుస్తీ పడుతున్నారు. నేను కింద కూర్చున్నాను, మొహం చూడక్కర్లేకుండా. మొత్తం చెప్పాను. శుభలేఖ నుంచి మొదలుపెట్టాను. మహాతల్లి అని నువ్వు పెట్టడం, నేను నవ్వడం, నీ ప్రశ్న, నా జవాబు, కత్తెర, అన్నీ. హీటరు దగ్గర మర్చిపోయానని అనలేదు. అంతా అయ్యాక ఆవిడ జిప్పు చివరిదాకా లాగారు. తిట్టినా బావుండేది.

"మహాతల్లి అంటారని తెలుసు" అన్నారు. "పెళ్ళిలోనే మీ అక్క చెవిటిగొంతుతో అంది. అప్పటికే ఆవిడకి చెవులు సరిగా లేవు కదా, గుసగుస అనుకుని అరిచింది."

అక్కా, పెళ్ళిలో! అన్నేళ్ళుగా ఆవిడకి తెలుసు.

"స్కూల్లో పిల్లలు ఇంతకంటే ఘోరమైనవి పెట్టారు. పేరు పెడితే పెట్టారు అమ్మాయ్. పేరు పెట్టి వెక్కిరిస్తే, మనిషి ఉందని అయినా గుర్తుంటుంది. నువ్వు ఏ పేరూ పెట్టి పిలవవు చూడు, దాంతోనే ఈ ఇంట్లో నాకు చలి."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది. కాసేపటికి, "ఆ పార్సిల్ నిజంగా నాకేనా?" అన్నారు. మీకే అన్నాను. ఇంకాసేపాగి మళ్ళీ అడిగారు. మళ్ళీ మీకే అన్నాను. సంచీ మాత్రం విప్పలేదు.

ముక్కలు పంపమన్నావు కదా, పంపడం లేదు. పైముక్క తీయబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "సీసాకున్నది ఉండనీ, దానికి అలవాటైపోయింది" అన్నారు. కింది ముక్క ఆవిడ మోకాళ్ళ మీద ఉంది, నేను కుట్టిన వంకర అంచుతో సహా. ఆ అంచు కనపడ్డప్పుడల్లా నాకు తల ఎత్తాలనిపించదు. రోజూ కనపడుతుంది.

షాపులో అందరూ మా తల్లిని మెచ్చుకున్నారు. ఎలా వెచ్చగా ఉంచావని అడిగారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కౌంటరామె లేచి వెళ్ళి అద్దాలు తుడుచుకుంది.

నీ చీటీ ఇచ్చాను. చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నారు. మర్నాడు తిరిగి నా చేతిలో పెట్టారు. ఇందులో పంపుతున్నాను. "క్షె" కొట్టేసి "క్ష" దిద్దారు. కింద పదికి ఏడు వేశారు. ఎర్ర పెన్నుతోనే.

ఆదివారం ఏం జరిగిందో వెనక రాశాను. ఈసారన్నా కాగితం తిప్పు.

చెల్లెలు

(ఆదివారం పొద్దున్న టాక్సీ వచ్చింది. ఆవిడ సంచీ పట్టుకుని గుమ్మం దాటారు. నీ మరిది చెప్పులు చూసుకుంటున్నాడు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. కళ్ళు మూసుకుని "అమ్మా!" అని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆవిడ ఆగారు. వెనక్కి తిరగలేదు.

"నన్నా, సీసానా?" అన్నారు.

నేను ఎప్పుడూ పిలిచే మాటే అక్కా, ఇంకో మాట రాలేదు.

"మిమ్మల్నే" అన్నాను.)